లా సీటు తీసుకునే ముందు: ఏ కాలేజీ, ఎందుకు, ఆ తర్వాత ఏ దారి

లాసెట్ (లా కోర్సుల ప్రవేశ పరీక్ష) ఫలితాలు వచ్చిన వారం పది రోజుల్లో మా ఆఫీసుకి పిల్లలు తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని వస్తుంటారు. ర్యాంకు కార్డు టేబుల్ మీద పెట్టి "ఏ కాలేజీ మంచిది సార్?" అని అడుగుతారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను. "చదువు అయిపోయాక పొద్దున పదిన్నరకి నువ్వు ఎక్కడ ఉండాలనుకుంటున్నావమ్మా?" జిల్లా కోర్టు హాల్లోనా, హైకోర్టులోనా, హైదరాబాద్‌లో ఏదైనా కంపెనీ లీగల్ డిపార్ట్‌మెంట్‌లోనా, జడ్జి కుర్చీలోనా? దీనికి జవాబు దొరికితే కాలేజీ వెతుకులాట సగం తగ్గిపోతుంది. ఒకరికి మంచిదైన కాలేజీ ఇంకొకరికి డబ్బు దండగ కావచ్చు.

జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసే లాయర్‌గా నేను చూసినవి, మా జూనియర్లు పడ్డ ఇబ్బందులు మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. వరుసగా చదవండి, ఎందుకంటే మొదటి అడుగులో పొరపాటు జరిగితే తర్వాతవి ఎంత బాగా వేసినా ఉపయోగం ఉండదు.

1. ముందు మీ సర్టిఫికెట్లు సరిచూసుకోండి

లా కోర్సులో చేరడానికి, లా చదువుని, లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన విద్యా నియమాలు ఆధారం. ఐదేళ్ల కోర్సుకి ఇంటర్, మూడేళ్ల కోర్సుకి డిగ్రీ కావాలి. మార్కులు జనరల్ వాళ్లకి 45 శాతం, ఓబీసీలకి 42, ఎస్సీ ఎస్టీలకి 40. లాసెట్‌కి వయోపరిమితి లేదు. రిటైరైన తహసీల్దార్లు, పోలీసు అధికారులు మూడేళ్ల కోర్సులో చేరడం మన దగ్గర మామూలే.

చాలామంది పట్టించుకోని నియమం ఇంకొకటి ఉంది. ఇంటర్ చదవకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ చేసినవాళ్లకి లా కోర్సుకి అర్హత లేదు. పది, ఇంటర్, డిగ్రీ వరుసగా ఉండి డిగ్రీని మాత్రం దూరవిద్యలో చేసినవాళ్లకి ఇబ్బంది లేదు. మెట్టు దాటేసిన వాళ్లకే సమస్య. నా దగ్గరికి ఒక అబ్బాయి వచ్చాడు. పదో తరగతి తర్వాత పనిలో చేరి, కొన్నేళ్లకి అర్హత పరీక్ష రాసి ఓపెన్ డిగ్రీ చేశాడు. ఒక ప్రైవేటు కాలేజీ సర్టిఫికెట్లు సరిగా చూడకుండానే చేర్చుకుంది. మూడేళ్లు ఫీజు కట్టాడు, పరీక్షలన్నీ పాసయ్యాడు, చివరికి ఎన్‌రోల్‌మెంట్ (లాయర్‌గా పేరు నమోదు) దగ్గర ఆగిపోయాడు. ఆ రోజు అతని ముఖం చూడటం నాకు చాలా కష్టమైంది. మీది ఇలాంటి చదువే అయితే ముందు ఇంటర్ పాసై, నిబంధనల ప్రకారం డిగ్రీ పూర్తిచేసి అప్పుడు లా వైపు రండి.

ఎల్ఎల్‌బీని దూరవిద్యలో చదవడం కుదరదు. అలా చదివిన డిగ్రీతో లాయర్‌గా నమోదు కాలేరు. "కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షలకి వస్తే చాలు, హాజరు మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. నియమం ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి. ఉద్యోగం చేస్తూ లా చదవాలనుకునే వాళ్లు ముందుగా తమ ఆఫీసు నుంచి అనుమతి తీసుకుని, తరగతుల వేళలు తమకి కుదురుతాయో లేదో చూసుకుని చేరాలి.

2. ఐదేళ్లదా, మూడేళ్లదా

ఇంటర్ అవగానే లా చదవాలని గట్టిగా అనుకుంటే ఐదేళ్ల కోర్సు తీసుకోండి. బీఏ ఎల్ఎల్‌బీ, బీబీఏ ఎల్ఎల్‌బీ అని ఉంటాయి. డిగ్రీ, లా విడివిడిగా చదివితే ఆరేళ్లు లేదా ఏడేళ్లు పడుతుంది, ఇక్కడ ఐదేళ్లలో రెండూ అయిపోతాయి. పెద్ద లా ఫర్ములు, కంపెనీలు క్యాంపస్‌కి వచ్చి ఎక్కువగా తీసుకునేది కూడా ఈ కోర్సు వాళ్లనే.

మనసు ఇంకా కుదరకపోతే తొందరపడకండి. ముందు డిగ్రీ చేయండి. బీకాం చదివి లాకి వచ్చినవాళ్లు జీఎస్‌టీ, ఆదాయపు పన్ను, చెక్ బౌన్స్ కేసుల్లో త్వరగా నిలదొక్కుకోవడం నేను చూశాను. ఇంజనీరింగ్ చదివి వచ్చినవాళ్లకి పేటెంట్ పని ఉంది. పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయాలంటే సైన్స్ లేదా ఇంజనీరింగ్ డిగ్రీ తప్పనిసరి. ప్రాక్టీసుకి మూడేళ్ల డిగ్రీ ఏమాత్రం తక్కువది కాదు. కోర్టులో జడ్జి గారు ఎవరినీ ఏ కోర్సు చదివావని అడగరు.

3. ఏ పరీక్ష రాయాలి

ఇందులో ఎక్కువ ఆలోచించాల్సింది లేదు. జాతీయ లా యూనివర్సిటీలకి క్లాట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. డిసెంబరులో జరుగుతుంది. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది. ప్రశ్నలన్నీ పేరాలు చదివి అర్థం చేసుకుని రాసేవే, అందుకే రోజూ ఇంగ్లీషు పేపరు చదివే అలవాటు ఉన్నవాళ్లకి తేలిక. హైదరాబాద్ దగ్గర శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీ 1998లోను, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ లా యూనివర్సిటీ 2008లోను మొదలయ్యాయి. రెండింటికీ క్లాటే దారి. రెండు చోట్లా ఆయా రాష్ట్రాల స్థానిక విద్యార్థులకి కొన్ని సీట్లు కేటాయించారు కాబట్టి స్థానికత సర్టిఫికెట్ ముందే తీసిపెట్టుకోండి.

రాష్ట్రంలోని యూనివర్సిటీ కాలేజీలకి, వాటికి అనుబంధంగా ఉన్న ప్రైవేటు కాలేజీలకి లాసెట్ రాయాలి. తెలంగాణకి, ఆంధ్రప్రదేశ్‌కి విడివిడిగా ఉంటుంది. 120 మార్కులకి గంటన్నర సమయం. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ 30, వర్తమాన వ్యవహారాలు 30, లా చదవడానికి ఉన్న అభిరుచిని పరీక్షించే ప్రశ్నలు 60. నెగెటివ్ మార్కులు లేవు, ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఉంటుంది. 35 శాతం వస్తే అర్హత, ఎస్సీ ఎస్టీలకి ఆ కనీస మార్కు కూడా లేదు. చివరి 60లో ఎక్కువ తెచ్చుకున్నవాళ్లదే మంచి ర్యాంకు. రాజ్యాంగం మీద తెలుగులో ఒక మంచి పుస్తకం రెండుసార్లు చదివితే చాలావరకు పని జరుగుతుంది.

మూడేళ్ల కోర్సుకి బయటి రాష్ట్రాలకి వెళ్లగలిగితే ఢిల్లీ యూనివర్సిటీ, బనారస్ హిందూ యూనివర్సిటీ ఉన్నాయి. వాటికి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఫీజు తక్కువ, ఢిల్లీలో అయితే సుప్రీంకోర్టు అదే ఊళ్లో ఉంటుంది. మన పిల్లలు దీన్ని చాలా తక్కువగా వాడుకుంటున్నారనిపిస్తుంది.

4. కాలేజీకి వెళ్లి కళ్లారా చూడండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు. వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో ఇచ్చే వరుస) పెట్టేముందు కనీసం మూడు కాలేజీలకి స్వయంగా వెళ్లండి. ఆఫీసు గదికి కాకుండా తరగతి గదికి వెళ్లండి. వారం మధ్యలో, పొద్దున పదకొండు గంటలకి వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది. రెండో సంవత్సరం తరగతిలో ఎంతమంది కూర్చున్నారో చూడండి. గదులకి తాళాలు ఉంటే ఆ కాలేజీ గురించి ఇంకేం అడగక్కర్లేదు.

తర్వాత బార్ కౌన్సిల్ అనుమతి పత్రం చూపించమనండి. అడగడానికి మొహమాటపడకండి, అది మీ హక్కు. ఏ కోర్సుకి, ఏ విద్యా సంవత్సరం వరకు, ఎన్ని సెక్షన్లకి అనుమతి ఉందో అందులో ఉంటుంది. మూడేళ్ల కోర్సుకి అనుమతి ఉండి ఐదేళ్లదానికి గడువు తీరిపోయి ఉండొచ్చు.

లైబ్రరీలో బేర్ యాక్టుల (వ్యాఖ్యానం లేకుండా చట్టం మాత్రమే ఉండే పుస్తకాలు) అల్మరా దగ్గరికి వెళ్లండి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. కొత్త పుస్తకాలు అక్కడ ఉన్నాయా? పాతవి కూడా ఉండాలి, ఎందుకంటే ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకి కోర్టుల్లో ఐపీసీ సెక్షన్లే నడుస్తున్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చెప్పే లెక్చరర్ ఉన్న కాలేజీ దొరికితే వదలకండి.

విద్యార్థులతో మాట్లాడేటప్పుడు ఆఖరి సంవత్సరం వాళ్లని పట్టుకోండి. "కాలేజీ బాగుందా" అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. ఈ ఏడాది మూట్ కోర్టులో (విద్యార్థుల నమూనా కోర్టు) నిలబడి ఎన్నిసార్లు వాదించావు? ఇంటర్న్‌షిప్ నిజంగా చేశావా, సంతకం మాత్రమే తెచ్చుకున్నావా? మీ కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్‌కి (ఉచిత న్యాయ సలహా కేంద్రం) ఊళ్లవాళ్లు ఎవరైనా వస్తారా? ఇలా అడగండి.

ఇంకో పని కూడా చేయండి. ఆ ఊరి కోర్టు దగ్గర బార్ అసోసియేషన్ హాలుకో, క్యాంటీన్‌కో వెళ్లి టీ తాగుతూ నలుగురు జూనియర్లని "మీరు ఏ కాలేజీ అండీ, అక్కడ ఎవరు బాగా చెప్తారు?" అని అడగండి. బ్రోచరులో దొరకని సమాధానాలు పావుగంటలో దొరుకుతాయి.

ఇక్కడే నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. కోర్టు ప్రాక్టీసే మీ గమ్యమైతే, కోర్టుకి నడిచి వెళ్లగలిగే దూరంలో, తరగతులు క్రమంగా జరిగే కాలేజీ తీసుకోండి. ఊరికి ముప్పై కిలోమీటర్ల దూరంలో పెద్ద భవనాలున్న ఖరీదైన క్యాంపస్ కన్నా అదే మీకు మేలు. ఉస్మానియా, ఆంధ్రా, కాకతీయ, శ్రీ వేంకటేశ్వర, నాగార్జున లాంటి యూనివర్సిటీల సొంత కాలేజీల్లో సీటు వస్తే ఫీజు తక్కువ. పైగా అక్కడ చదివిన సీనియర్లు రెండు రాష్ట్రాల్లోనూ లాయర్లుగా, జడ్జిలుగా ఉంటారు. తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా యూనివర్సిటీలో అమ్మాయిలకి లా ఉంది. కార్పొరేట్ లా మీ గమ్యమైతే లెక్క మారుతుంది. అప్పుడు జాతీయ లా యూనివర్సిటీ కోసం అవసరమైతే ఒక ఏడాది ఆగి మళ్లీ క్లాట్ రాసినా తప్పులేదు. ఆ ఉద్యోగాలు క్యాంపస్ ద్వారానే ఎక్కువగా వస్తాయి.

5. డబ్బు లెక్క: చదువుకి ఒకటి, చదువు తర్వాతకి ఇంకొకటి

చాలా కుటుంబాలు ఫీజు వరకే లెక్క వేసుకుంటాయి. జాతీయ లా యూనివర్సిటీలో హాస్టల్‌తో కలిపి ఏడాదికి రెండు లక్షలు దాటుతుంది. పెద్ద ప్రైవేటు యూనివర్సిటీల్లో ఇంకా ఎక్కువ. లాసెట్ ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ సీటుకి ఖర్చు చాలా తక్కువ, అర్హులకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే అది రాదు, ఆ సంగతి ముందే స్పష్టంగా అడిగి తెలుసుకోండి.

అసలు కష్టం పట్టా చేతికొచ్చాక మొదలవుతుంది. సీనియర్ దగ్గర చేరిన మొదటి రెండు మూడేళ్లు చేతికి వచ్చేది చాలా తక్కువ. మా కోర్టులో కొందరికి పెట్రోలు ఖర్చు వెళ్తే అదే ఎక్కువ. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకి పట్టణాల్లో నెలకి 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని సూచించింది. అది సూచన మాత్రమే, అమలు చేసి తీరాలన్న నియమం కాదు. కాబట్టి లా చదివించాలనుకునే తల్లిదండ్రులు ఐదేళ్ల ఖర్చుకి ఇంకో మూడేళ్ల ఇంటి ఆసరా కలిపి లెక్క వేసుకోవాలి. చదువు అప్పు మీద ఖరీదైన కాలేజీలో చేరి, నెలవారీ కిస్తీ టెన్షన్‌తో ప్రాక్టీసు వదిలేసిన మంచి పిల్లలు నాకు తెలుసు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు క్రాస్ ఎగ్జామినేషన్‌లో చాలా ముందుకు వెళ్లాల్సినవాళ్లు. ఆ అప్పు లేకపోయి ఉంటే ఇవాళ కోర్టులో నా ఎదురుపక్షంలో నిలబడి వాదిస్తూ ఉండేవాళ్లు.

6. చదివే రోజుల్లో చేయాల్సినవి

మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ ఉండాలని నియమం. దాన్ని తప్పించుకోకుండా విడతలుగా పంచుకుని చేయండి. మొదట ట్రయల్ కోర్టు (సాక్షుల విచారణ జరిగే కింది కోర్టు) లాయర్ దగ్గర, తర్వాత పేదలకి ఉచిత న్యాయ సహాయం ఇచ్చే న్యాయ సేవాధికార సంస్థలో, తర్వాత హైకోర్టులో, వీలైతే ఒక కంపెనీలో. సీనియర్ దగ్గర చేరినప్పుడు గుమాస్తా గారితో స్నేహంగా ఉండండి. దావా ఎందుకు నంబరు కాకుండా రిటర్న్ అయింది, కోర్టు ఫీజు ఎలా లెక్కకట్టాలి, కాపీ అప్లికేషన్ ఎక్కడ వేయాలి, ఇవన్నీ ఆయనే నేర్పుతారు.

భాష గురించి ఒక మాట. హైకోర్టులో, సుప్రీంకోర్టులో వ్యవహారం ఇంగ్లీషులోనే. కింది కోర్టులో సాక్షి తెలుగులో మాట్లాడతాడు, సేల్ డీడ్ తెలుగులో ఉంటుంది, పాత పహాణీలో (భూమి రికార్డు) ఉర్దూ మాటలు ఉంటాయి. తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లీషు రాదని కుంగిపోతుంటారు. రోజుకి ఒక తీర్పు గట్టిగా చదివి, దాని సారాంశం ఒక పేజీ ఇంగ్లీషులో రాయండి. రెండేళ్లు ఇలా చేసినవాళ్లు ఎవరూ వెనకబడలేదు. ఇంగ్లీషు మీడియం పిల్లలకి నా సలహా దీనికి తలకిందులు. పాత దస్తావేజులు తెచ్చుకుని చదవడం నేర్చుకోండి. హద్దులు, దఖలు, భాగపరిష్కారం లాంటి మాటలు తెలియకుండా మన జిల్లాల్లో సివిల్ ప్రాక్టీసు చేయలేరు.

7. పట్టా వచ్చాక: ఎన్‌రోల్‌మెంట్, ఏఐబీఈ

మీ రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: అడ్వకేట్స్ యాక్ట్ ప్రకారం జనరల్ వాళ్లకి 750, ఎస్సీ ఎస్టీలకి 125 రూపాయలు, స్టాంపు డ్యూటీ ఏమైనా ఉంటే అది. అంతకుమించి నమోదు రుసుము వసూలు చేయకూడదు. అంతకుముందు వేలల్లో కట్టాల్సి వచ్చేది, పేద పిల్లలకి ఈ తీర్పు పెద్ద ఊరట.

ఆ తర్వాత ప్రాక్టీసు అర్హత కోసం ఆలిండియా బార్ ఎగ్జామినేషన్ (ఏఐబీఈ). 100 ప్రశ్నలు, మూడు గంటలు. నోట్సు రాయని బేర్ యాక్టులు తీసుకెళ్లవచ్చు. 45 శాతం వస్తే పాస్, ఎస్సీ ఎస్టీలకి 40. పుస్తకం ఉంది కదా అని చదవకుండా వెళ్లినవాళ్లు సెక్షన్ వెతుక్కుంటూనే సమయం అయిపోగొట్టుకుంటారు.

8. దారులు

ప్రాక్టీసు గురించి ఇప్పటికే చాలా చెప్పాను. సీనియర్‌ని ఎంచుకునేటప్పుడు పేరుకన్నా, జూనియర్లకి సొంతంగా వాదించే అవకాశం ఇస్తారా అన్నది చూడండి. మన రాష్ట్రాల్లో భూమి వ్యవహారాలకి కొరత లేదు. తెలంగాణలో భూమి రికార్డులకి ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. రికార్డు తప్పులు దిద్దించుకోవడానికి రైతులు మంచి లాయర్ కోసం తిరుగుతున్నారు. రెవెన్యూ చట్టాలు శ్రద్ధగా నేర్చుకున్నవాళ్లకి పని వెతుక్కుంటూ వస్తుంది. హైకోర్టు కావాలంటే హైదరాబాద్, అమరావతి. 2019 జనవరి 1 నుంచి రెండూ వేర్వేరు. హైదరాబాద్‌లో కంపెనీ లా ట్రిబ్యునల్, రుణ వసూలు ట్రిబ్యునల్, క్యాట్ (కేంద్ర ఉద్యోగుల సర్వీసు వివాదాలకి), రెరా (రియల్ ఎస్టేట్ వివాదాలకి) కూడా ఉన్నాయి. ఒక ట్రిబ్యునల్‌ని పట్టుకుని దానిలోనే నైపుణ్యం పెంచుకున్న జూనియర్లు తొందరగా స్థిరపడతారు.

జూనియర్ సివిల్ జడ్జి కావాలంటే, 2025 మే 20 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. పట్టా రాగానే పరీక్ష రాసేద్దామనుకున్న పిల్లలు చాలా నిరాశపడ్డారు. ఆ మూడేళ్లు కోచింగ్ సెంటర్‌లో కాకుండా కోర్టులోనే గడపండి, ఎందుకంటే ప్రాక్టీసు సర్టిఫికెట్ మీద సీనియర్ లాయర్ సంతకం, న్యాయాధికారి ధ్రువీకరణ అడుగుతారు. ప్రతి నోటిఫికేషన్‌లో ఈ షరతు ఎలా రాశారో చదువుకోండి. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ ఉంటాయి. మెయిన్స్‌లో అనువాదం కూడా ఉంటుంది, రెండు భాషలూ వచ్చినవాళ్లకి అక్కడ లాభం. మూలవేతనం 77,840 రూపాయల దగ్గర మొదలవుతుంది. "ఆడపిల్లకి లా ఎందుకు" అనే తల్లిదండ్రులు ఒకసారి కొత్తగా ఎంపికైన జూనియర్ సివిల్ జడ్జిల జాబితా తెప్పించుకుని చూడండి. ఏడేళ్ల ప్రాక్టీసు తర్వాత నేరుగా జిల్లా జడ్జి పోస్టుకి కూడా రాయవచ్చు.

అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టులు రెండు రాష్ట్రాల్లోనూ పోలీసు నియామక బోర్డు భర్తీ చేస్తుంది, మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతుంది. క్రిమినల్ వైపు ఆసక్తి ఉండి నెల జీతం కావాలనుకునే వాళ్లకి ఇది మంచి దారి. న్యాయ సేవాధికార సంస్థల్లో 2022 నుంచి లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థ వచ్చింది. లాయర్‌ని పెట్టుకోలేని నిందితుల తరఫున జీతం మీద వాదిస్తారు. ఇందులో కొత్తవాళ్లకి అసిస్టెంట్ పోస్టులున్నాయి. నేను దీన్ని చాలా గౌరవిస్తాను.

బ్యాంకుల్లో లా ఆఫీసర్ పోస్టులకి ఐబీపీఎస్ పరీక్ష, అడ్వకేట్‌గా నమోదు ఉండాలి. కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు క్లాట్ పీజీ స్కోరు చూస్తాయి. సైన్యంలో జాగ్ అనే న్యాయ విభాగానికి ఎల్ఎల్‌బీలో 55 శాతం, 21 నుంచి 27 ఏళ్ల వయసు, క్లాట్ పీజీ స్కోరు, ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ ఉంటాయి. పాఠాలు చెప్పాలనుంటే ఎల్ఎల్‌ఎం, నెట్.

కంపెనీ ఉద్యోగాల్లో ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగంలో చేరితే ప్రాక్టీసు చేయకూడదు. ఆ సంగతి బార్ కౌన్సిల్‌కి తెలిపి లైసెన్సు ఆపించుకోవాలి. ఉద్యోగం మానేశాక మళ్లీ తెరిపించుకోవచ్చు. చాలామంది చెప్పకుండా రెండూ నడిపి, తర్వాత జడ్జి పోస్టు దరఖాస్తులో ఇరుక్కుంటారు.

9. ఆప్షన్లు పెట్టేముందు ఒక రోజు

మీ అబ్బాయినో అమ్మాయినో తీసుకుని మీ ఊరి కోర్టులో ఒక రోజంతా కూర్చోండి. రహస్య విచారణ కేసులు తప్ప కోర్టు హాలు అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫోన్ ఆఫ్ చేసి, పదిన్నరకల్లా వెనక బెంచీలో కూర్చోండి. పొద్దున కేసులు పిలుస్తూ ఒకదాని తర్వాత ఒకటి వాయిదా వేస్తుంటే విసుగు వస్తుంది, ఓపిక పట్టండి. మధ్యాహ్నం సాక్షి బోనెక్కే దాకా ఉండండి. ఒక లాయర్ ఒక కాగితం చేత్తో పట్టుకుని, ఒక్కో ప్రశ్న అడుగుతూ సాక్షిని తన దారిలోకి తెచ్చుకుంటాడు. అది చూస్తున్నప్పుడు మీ అబ్బాయో అమ్మాయో ముందుకు వంగి వింటున్నారా, గడియారం చూస్తున్నారా గమనించండి. మర్నాడు ఆ ర్యాంకు కార్డు తీసుకుని కాలేజీల జాబితా ముందు కూర్చోండి.